డాస్కోగారు

ఢిల్లీ లోధీ గార్డెన్‌లో పొద్దున్నే నడిచే పెద్దమనుషుల్లో డాస్కోగారిని పోల్చుకోవడం తేలిక. అందరికన్నా పాత స్వెటరు ఆయనదే. మోచేతి దగ్గర చిల్లు కూడా ఉంటుంది. కొత్తగా డబ్బు చేసినవాడికి ఆ చిల్లుతో నలుగురిలో తిరిగే ధైర్యం రాదు. వెనక మూడు తరాల ఆస్తి ఉంటే తప్ప స్వెటరు అంత నిశ్చింతగా చిరగదు.

డాస్కో అంటే డెహ్రాడూన్‌లోని డూన్ స్కూల్లో చదువుకున్నవాడు. ఆ సంగతి ఆయన తనంతట తాను చెప్పరు. "ఎక్కడ చదివారండీ?" అంటే, "అటు కొండల దగ్గర ఏదో బళ్ళో" అని ఊరుకుంటారు. మీరు "ఏ బడి?" అని రెండోసారి అడిగేదాకా చేతిలో టీ ముట్టరు. అడక్కపోయారో, ఆ పూట టీ ఆయనకు చేదు.

ఆ బడిని కలగన్నది వైస్రాయ్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా పనిచేసిన సతీశ్ రంజన్ దాస్. ఇంగ్లండులో ఏలికలను తయారుచేసే పబ్లిక్ స్కూళ్ళలాంటిది మన గడ్డ మీదా ఉండాలన్నది ఆయన కోరిక. 1928లో ఆయన పోయారు, 1935లో బడి తెరుచుకుంది. మొదటి హెడ్‌మాస్టరు ఆర్థర్ ఫుట్‌ను ఏకంగా ఈటన్ నుంచే రప్పించారు. రేపు దేశాన్ని ఏలబోయేవాళ్ళకు, ఇవాళ ఏలుతున్నవాళ్ళ బడి నుంచి పంతులుగారన్నమాట. అలాగని నిష్ఠూరాలాడకూడదు. జనగణమన జాతీయగీతమైంది 1950లో. డూన్ పిల్లలు దాన్ని 1935 నుంచే బడిపాటగా పాడుతున్నారు. దేశమంటే తమ బడికి కట్టిన కొత్త వింగు అని డాస్కోగారు నమ్మడానికి అదొక కారణం కావచ్చు.

సమానత్వం మీద ఆయనకు అపారమైన గురి. రాజుగారబ్బాయీ షావుకారుగారబ్బాయీ ఒకే మైదానంలో పరిగెత్తారు, ఒకే బల్ల దగ్గర తిన్నారు, ఒకే చలికి వణికారు. గేటు లోపల ఎక్కువా తక్కువా లేదు. కాకపోతే ఆ గేటు లోపలికి ఒకసారికి పట్టేది 500 పైచిలుకు మగపిల్లలు. ఈమధ్య ఫీజు ఏడాదికి 10 లక్షలు దాటింది. ఆ వివరాలు మనం ఎత్తితే డాస్కోగారు నొచ్చుకుంటారు, సమానత్వం గురించి మాట్లాడుతుంటే మధ్యలో డబ్బు ప్రస్తావనేమిటని.

రికమండేషన్ అంటే ఆయనకు ఒళ్ళు మంట. పని పడితే ఫోన్ చేస్తారంతే. అవతల ఒక శాఖకు కార్యదర్శి ఉంటాడు. మనం గుమ్మంలో వణికిపోయే ఆ అధికారిని ఈయన "ఏరా బంటీ" అంటారు. అది రికమండేషన్ కాదు, తెలిసినవాళ్ళు మాట్లాడుకోవడం. మన ఊరి సర్పంచి ఆ కార్యదర్శి గదికి వెళ్తే చెప్పులు ఎక్కడ విడవాలా అని ముందు చూసుకుంటాడు. డాస్కోగారు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటారు, ఆ సీట్లో ఎవరున్నారో తర్వాత చూస్తారు. లెక్కలూ సైన్సూ ఏ బళ్ళోనైనా చెబుతారు. అంత పెద్ద ఫీజు పుచ్చుకుని ఆ బడి చెప్పేది ఈ కుర్చీ లాక్కోవడం.

రాజీవ్ గాంధీ డూన్‌లో చదువు ముగించారు, కేంబ్రిడ్జిలో డిగ్రీ ముగించలేదు. ప్రధాని కావడానికి మొదటిదే సరిపోయింది. రక్షణ శాఖలో సహాయమంత్రిగా అరుణ్ సింగ్, ప్రధాని కార్యాలయంలో మణిశంకర్ అయ్యర్, ఇద్దరూ అదే బడి. పత్రికలవాళ్ళు డూన్ క్యాబినెట్ అని వెక్కిరించారు. అందులో తప్పేమిటో డాస్కోగారికి నేటికీ అంతుబట్టలేదు. "తెలియనివాళ్ళను ఎలా నమ్ముతాం?" అంటారు, ఎంతో అమాయకంగా.

జ్యోతిరాదిత్య సింధియా 2020లో, జితిన్ ప్రసాద 2021లో, ఆర్పీఎన్ సింగ్ 2022లో కాంగ్రెస్ వదిలి బీజేపీలో చేరినప్పుడు మనం టీవీల ముందు కూర్చుని సిద్ధాంతాలేమైపోయాయని గుండెలు బాదుకున్నాం. డాస్కోగారు పేపరు మడిచి, "ముగ్గురూ మన పిల్లలే" అన్నారు. ఎవరు గెలిచినా ఫోన్ నంబరు మారదని ఆయన ధీమా.

ప్రజాస్వామ్యంలో ఇలాంటివాళ్ళకు ఓట్లెవరు వేస్తారని మనం తొందరపడి అనకూడదు. అదే బళ్ళో చదివిన నవీన్ పట్నాయక్ ఒడియా ఉపన్యాసాలను రోమన్ లిపిలో రాసుకుని చదివేవారు. ఒడిశా ఆయన్ను వరసగా ఐదుసార్లు గెలిపించి, 2000 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రిగా ఉంచుకుంది. జనం మాట్లాడే భాష రాకపోయినా జనాన్ని ఏలవచ్చునని డాస్కోగారికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఒకసారి ఓ విందులో తెలంగాణ నుంచి కొత్తగా గెలిచొచ్చిన ఎంపీగారు ఎదురుపడ్డారు. మాటల్లో డాస్కోగారు "నేను హైదరాబాద్" అన్నారు.

ఎంపీగారి మొహం చేటంతైంది. "అరె, మనోళ్లేనా సార్! ఇల్లు యాడ? బేగంపేటనా, బంజారాహిల్సా?"

డాస్కోగారు కాసేపు తెల్లబోయి, విషయం విప్పారు. డూన్‌లో హాస్టళ్ళను హౌసులంటారు. కాశ్మీర్, టాటా, జైపూర్, ఒబెరాయ్, హైదరాబాద్. నిజాం విరాళమిచ్చాడు గనక ఒకదానికి ఆయన రాజ్యం పేరు పెట్టారు. ఊరు సంగతంటారా, అది ఆయన విమానాశ్రయం మేరకే చూశారు.

"నిజాం పైసలంటే మా తాతలు కట్టిన శిస్తే గద సార్," అన్నారు ఎంపీగారు. "గట్లయితే ఆ బిల్డింగుల రెండిటుకలు మావే."

ఆ రాత్రి కారెక్కాక ఎంపీగారు పీఏ ముందు ఆ స్వెటరునీ, ఆ ఇంగ్లీషునీ, ఆ "అటు కొండల దగ్గర"నీ అనుకరించి కడుపుబ్బ నవ్వించారు. పార్లమెంటు మలి సమావేశాలకు ఆయనే డాస్కోగారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మనవడు ఏడో తరగతికి వస్తున్నాడు.

"పరీక్ష రాయాలి, ఇంటర్వ్యూ ఉంటుంది," అన్నారు డాస్కోగారు గంభీరంగా. "మా దగ్గర రికమండేషన్లు నడవవు."

"రికమండేషన్ ఎవరడిగిండ్రు సార్?" అని ఎంపీగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మనం తెలిసినోళ్లం గద!"

డూన్‌లో ఏళ్ళు పట్టే పాఠాన్ని ఈయన రెండు సమావేశాల మధ్య సెలవుల్లో పూర్తిచేశాడని డాస్కోగారికి అర్థమైంది. మొదటిసారిగా ఎంపీగారి భుజం మీద చెయ్యి వేసి, ఏ హౌస్ అనుకుంటున్నారని అడిగారు.

"హైదరాబాదే ఏపియ్యుండ్రి సార్. మా రెండిటుకలు ఆడనే ఉండె."