ముఖం కుదరలేదు

వినాయక చవితి ఇంకా పదిహేను రోజులుంది. సిరొంచలో మా వెనక సందులో గణపతులు చేసే అన్న వాకిట్లో మట్టి కుప్ప పడిందంటే, సాయంత్రాలు నా కుర్చీ కూడా అక్కడికే చేరుతుంది. రిటైరైన బడిపంతుల్ని. ఉద్యోగమంతా మహారాష్ట్రలోనే కాబట్టి తెలుగువాళ్ళు కూడా నన్ను గురూజీ అనే పిలుస్తారు.

ఆ రోజు అన్న మండిపడుతున్నాడు. వంతెన అవతలి కాళేశ్వరం దిక్కువాళ్ళు పెద్ద గణపతికి బయాన ఇచ్చిపోయి, ఇప్పుడొచ్చి ముఖం కుదరలేదన్నారట. మార్చినా మళ్ళీ అదే మాట.

"నేను చేసిన ముఖానికి ఆల్లు వంక వెడ్తరా గురూజీ?"

"నీ ఒక్కనికేనా అన్నా? ఫాల్కొనే అని ఒకాయన ఉండె. ఆయనకు మహారాణే వంక పెట్టింది" అన్నాను. బడి మానేసినా పాఠం మానని నోరు.

ఫ్రాన్సులో రాజుగారి సేవ్ర్ పింగాణీ కార్ఖానాలో శిల్పాలకు పెద్ద ఆయన. దీదెరో అనే పండితుడు సిఫారసు చేస్తే రష్యా రాణి కేథరిన్ 1766లో పిలిపించుకుంది. పీటర్ చక్రవర్తి గుర్రమెక్కి ఉన్న కంచు విగ్రహం కావాలంది. రెండు మేలుజాతి గుర్రాలనిచ్చింది. ఒకటి బ్రిలియంట్, ఇంకోటి కప్రీస్. ఈయన ఒక దిబ్బ కట్టించి, రౌతును దాని మీదికి దౌడు తీయించేవాడు. పైకెక్కి గుర్రం ముందుకాళ్ళు లేపుతుందే, ఆ ఒక్క లిప్త కోసం. వందలసార్లు ఎక్కించి, చూసి, గీసుకున్నాడు.

అన్న చేతిలోని మట్టిముద్ద చేతిలోనే ఉండిపోయింది. "గుర్రం యాష్టకు రాలేదా?"

కింద పెట్టిన బండ సంగతి చెప్పాను. హుస్సేన్ సాగర్ బుద్ధుడు 350 టన్నులంటారు, ఈ బండ 1,500 టన్నులట. నేల గడ్డకట్టేదాకా ఆగి, గాడి తీసిన దూలాల మీద లోహపు గుండ్లు పేర్చి, వాటి మీద దొర్లించుకుంటూ సముద్రందాకా తెచ్చారు. అక్కడ పడవెక్కించారు. మన బుద్ధుడు 1990లో పడవ నుంచి జారి రెండేళ్ళు నీళ్ళ అడుగున పడుకున్నాడు గానీ, అది మునగలేదు.

"అంత చేసినా ముఖం దగ్గర వచ్చింది తంటా. ఈయన ఎన్ని నమూనాలు చేసినా రాణికి నచ్చలే. చివరికి పారిస్ నుంచి వెంట తెచ్చుకున్న శిష్యురాలు, రష్యాకు వచ్చేనాటికి పద్దెనిమిదేండ్ల పిల్ల, చేసిచ్చింది. రాణి సై అంది. ఇప్పుడు పీటర్‌కున్నది ఆ తలనే."

గోడవార చిన్న గణపతుల వరసకు కళ్ళు దిద్దుతున్న వదినె కుంచె పైకెత్తి ఇటు చూసింది. నేను అప్పటికే పోత దగ్గరికి వెళ్ళిపోయాను. 1775లో అచ్చులోకి పోస్తుంటే కరిగిన కంచు బయటికి పొంగింది. షెడ్డుకు నిప్పంటుకుంది. అందరూ పరుగో పరుగు. ఖైలోవ్ అనే పోతపనివాడు మాత్రం కదలకుండా నిలబడి, ఒళ్ళు కాలుతున్నా కంచును మళ్ళీ అచ్చులోకి మళ్ళించాడు. అయినా పైభాగం చెడిపోయి మళ్ళీ పోయాల్సొచ్చింది.

"పన్నెండేండ్లు చాకిరీ చేసి, రాణితో చెడి, 1778లో వెళ్ళిపోయిండు. విగ్రహం ముసుగు తీసింది 1782లో. చేసినాయన ఆడ లేడు. బండ మీద ఏం రాసిన్రో తెలుసా? పీటర్‌కు కేథరిన్ ఇచ్చిందని! ఒక దిక్కు లాటిన్ల, ఒక దిక్కు రష్యన్ల. చేసినోని పేరేదన్నా? చక్రవర్తి పైబట్ట మడతల్ల ఎవ్వరికీ కనపడకుండ ఆయనే చెక్కుకున్నడు. ఎంత అన్యాయం చెప్పు!"

"అందుకే నేను పీట ఎనుక ఫోన్ నంబర్తోటి సహా రాస్త" అన్నాడు అన్న. నిజమే. గేటు మీది బోర్డులోనూ ఆయన పేరు మూరెడు అక్షరాల్లో ఉంది.

వదినె చాయ గ్లాసు నా చేతికిచ్చింది. వేళ్ళకు నల్లరంగు.

"గుర్రాల పేర్లు సుత చెప్పినవ్ గురూజీ. తలకాయ జేసిన ఆ పిల్ల పేరేంది?"

నోరు తెరిచాను. రాలేదు. "ఏదో ఉండె వదినె... యాదికొస్తలేదు" అన్నాను. ఆమె నవ్వి కుంచె అందుకుంది.

ఆ రాత్రి అలమారంతా గాలించి పుస్తకం పట్టాను. మరీ ఆన్ కొలో. మరచిపోతానేమోనని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని పొద్దున్నే వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. కళ్ళు పెట్టిన గణపతులు వరసగా నన్నే చూస్తున్నాయి. కాగితం రంగుడబ్బా కింద పెట్టి పోదామనుకుని, అన్న తీసి పారేయకుండా పైన ఆమె పేరు రాయబోయాను.

ఇరవై ఏళ్ళుగా ఆమె చేతి చాయ తాగుతున్నాను. పెన్ను మూత తీసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.