బాబాయి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

"అమ్మేది కాదు గానీ అబ్బాయ్, మన ముప్ఫైతొమ్మిది రూపాయి ఇప్పుడెంత పలుకుతుందంటావ్?"

అవతారిక

ఆదివారం భోజనాలయ్యాయి. పాత నాణేలు పోగేసే మా బాబాయి బీరువాలోంచి ఆల్బమ్ దించి, పేజీలు తిప్పుతూ వచ్చి, చివరి పేజీ దగ్గర ఆగి, గొంతు తగ్గించి పై వాక్యం సెలవిచ్చాడు. నాణేలు కూడబెట్టే ప్రతివాడికీ ఇలాంటి చివరి పేజీ ఒకటుంటుంది కనుక ఈ వ్యాఖ్య లోకోపకారార్థం.

ప్రతిపదార్థం

అమ్మేది కాదు గానీ = అమ్మే ఉద్దేశం లేదు, అయినా వినాలని ఉంది; అబ్బాయ్ = ఫోనులో ధరలు చూడటం వచ్చినవాడా; మన = నా (చూపించేటప్పుడు 'మన', తాళం వేసేటప్పుడు 'నా' అని వివేకం); ముప్ఫైతొమ్మిది రూపాయి = 1939 ముద్ర గల ఆరో జార్జి వెండి రూపాయి; ఇప్పుడు = పోయినేడాది అడిగినప్పటికంటే; ఎంత పలుకుతుంది = నేననుకున్నంత పలుకుతుందా; అంటావ్ = అను.

సమాస విచారం

'ముప్ఫైతొమ్మిది రూపాయి' అన్నచోట సంఖ్య ముందుంది గదా అని ద్విగువుగా భ్రమించరాదు. మా పిన్ని అలాగే భ్రమించి, "ముప్ఫైతొమ్మిది రూపాయలకి ఇంత గుసగుసెందుకు?" అంది. ఇది 'ముప్ఫైతొమ్మిదో సంవత్సరపు రూపాయి'. మధ్యలో పదాలు లోపించాయి. లోపించినవాటికే విలువెక్కువని ఈ శాస్త్రంలో మొదటి సూత్రం.

శంక: 1938 రూపాయికీ 1939 రూపాయికీ బరువొక్కటే, తులం, అంటే 11.66 గ్రాములు. వెండీ ఒకటే, నూటికి 91.7 పాళ్లు. రాజుగారి తలా ఒకటే. మరి ధరలో ఏనుగుకీ ఎలకకీ ఉన్నంత తేడా ఏల?

సమాధానం: యుద్ధం వచ్చింది. జనం వెండి రూపాయల్ని దాచుకోవడం మొదలెట్టారు. 1940లో సర్కారు రూపాయిలో వెండిని సగానికి దించింది. 1943కల్లా జార్జి రాజుల పాత వెండి రూపాయలు ఇక చెల్లవంది. వెనక్కి వచ్చినవి మూసలో కరిగాయి. 1939 ముద్రవి బయట మిగిలినవి బహు కొద్ది. కనుక ఇక్కడ ధర వెండికి కాదు, చివరి అంకెకు. చెల్లుబాటు పోయాకే విలువ వచ్చింది గనుక విరోధాభాసాలంకారం.

శ్లేష

'పలుకుతుంది' అనే క్రియకు అర్థాలు రెండు. ధర పలకడం ఒకటి. నాణెం తానే పలకడం రెండోది. వెనకటి షావుకారు రూపాయిని వేలికొన మీద నిలిపి బొటనవేలి గోటితో మీటేవాడు. వెండి అయితే ఖంగుమని సాగేది, సీసం కలిస్తే మొద్దుగా ఆగేది. బాబాయి అడిగింది మొదటి పలుకు. నాణెం జవాబిచ్చేది రెండోదానికే.

ఉపమానం

ముందు పేజీలో హాలీ సిక్కా ఉంది. నిజాం రాజ్యంలో జనం ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అని, తమదాన్ని హాలీ అని పిలిచేవారు. దాని మీద చార్మినార్, గుమ్మంలో ఒకే ఒక అక్షరం. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అది 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 'ఐన్'. నవాబు మారాడన్న సంగతి గుమ్మంలోకి తొంగి చూస్తే గాని తెలియదు. అక్కడ అక్షరం, ఇక్కడ అంకె: రెండుచోట్లా గింజంత గీతలోనే అర్థమంతా ఉందని సామ్యం.

పాఠాంతరం

'అమ్మేది కాదు గానీ' అన్నచోట పిన్ని ప్రతిలో 'అమ్మేయరాదూ' అని ఉంది. బాబాయి అంగీకరించలేదు.

నిషేధం

పోయిన శ్రావణమాసంలో ఇదే రూపాయి కలశం ముందు పెట్టడానికి చింతపండుతో తోమబడింది. తళతళ మెరిసింది. మెరిస్తే మంచిదే కదా అంటే, కాదు. ఎనభై ఏళ్ల నలుపు ఆ నాణేనికి చర్మం. తోమితే కొనేవాడు ధర తగ్గిస్తాడు. దండకు కొక్కెం అతికిన రూపాయిదీ అదే గతి.

రహస్యార్థం

భూతద్దం పెట్టి చూశాను. మోసగాళ్లు 1938 రూపాయి తీసుకుని, 8లో కింది సున్నాకు ఎడమవైపు గీరేసి 9 చేస్తారు. బాబాయి నాణెం మీద సరిగ్గా ఆ చోట వెంట్రుకంత సన్నని గీతలు, చుట్టూ లేనివి, ఆ తొమ్మిది పక్కనే ఉన్నాయి. చింతపండు పీచు గీసినవేనా? పీచుకి ఒక్కచోటే గీయాలన్న పంతం ఉండదు. భూతద్దం జేబులో పెట్టుకుని, "ఎంతంటే అంత, బాబాయ్" అన్నాను.

తాత్పర్యం

ధర తెలిసేది అమ్మినప్పుడే. అమ్మనివాడు ధర అడిగితే అది ప్రశ్న కాదు, ముచ్చట. వాక్యంలో 'ఎంత పలుకుతుంది' అన్నది అలంకారం మాత్రమే. 'అమ్మేది కాదు' అన్నదే ప్రాణం. ఆ ముక్క ఉన్నన్నాళ్లూ ఆ రూపాయి 1939దే.

ఫలశ్రుతి

దీన్ని చదివినవారు పాత రూపాయిని తోమరు. కొనేముందు చివరి అంకెను భూతద్దంలో చూస్తారు. కొన్నాక మాత్రం చూడరు.