చెంబునకు గల దయాగుణము

స్వతంత్ర భారతమున తయారగు వస్తువులు ఏ తీరున ఉండవలెనో తెలిసికొనగోరి మన ప్రభుత్వమువారు, కుర్చీలు కల్పించుటలో జగద్విఖ్యాతులైన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులను రప్పింపగా, వారు దేశమునందు కలయదిరిగి, 1958లో సమర్పించిన నివేదికయందు, తాము చూచిన వస్తుజాలములో అగ్రతాంబూలమునకు అర్హమైనదిగా పొగడినది పట్టుచీరను గాదు, దంతపు పెట్టెను గాదు. ఉత్తరాదివారు లోటా అనియు మనము చెంబు అనియు పిలుచుకొను ఆ సామాన్యపాత్రను. ఆ నివేదిక ఫలితముగనే 1961లో అహమ్మదాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలసినది. తెల్లవారుజామున చెరువుగట్టునకు మాత్రమే దారితీయునని మనమనుకొన్న చెంబు ఒక జాతీయ విద్యాసంస్థకు కూడ దారితీసినదన్న సంగతి మనవారిలో ఎందరెరుగుదురు?

ఆ దంపతులు చెంబును మెచ్చుకొని ఊరకుండక, దానిని కల్పింపబూనిన వాడు ఏయే ప్రశ్నలు వేసికొనవలసి యుండునో వరుసగా ఏకరువు పెట్టిరి. నీరెంత పట్టవలెను? మోయువారి చేతులెంత? నిండియున్నప్పుడును, వెలితిగా నున్నప్పుడును తూకము నిలుచునా? నడుమునకు ఒదుగునా? లోపల తోముటకు వీలగునా? కన్నులు మూసికొని తాకినచో ఎట్లుండును? మా బామ్మగారు ఈ ప్రశ్నలలో ఒక్కదానినైనను నోట పలికియెరుగరు గాని, కొత్త చెంబు కొనునప్పుడు అన్నిటికిని సమాధానములు రాబట్టెడివారు. మొదట మెడక్రింద వ్రేళ్ళు చుట్టి ఎత్తిచూచుట, పిమ్మట గాజుల చేతిని మణికట్టుదాక లోనికి పోనిచ్చి అడుగు తడవుట, ఆ వెనుక వ్రేలి కణుపుతో తట్టి చెవియొగ్గుట, తుదకు నీరు నింపి, సన్నని ధారగా వంచి, ఒక్క బొట్టైనను అంచు వెంబడి జారి మోచేతివరకు పాకినచో, "ఇది నీ దగ్గరే ఉంచుకో నాయనా, నీళ్ళు వంచడం రాదు దీనికి" అని కంచరి చేతిలో పెట్టివచ్చుట, ఇది ఆమె పరీక్షావిధానము. ఆ కంచరి మా వెనుకవీధిలోనే కాపురముండెను. చేసినవానికిని వాడువారికిని నడుమ ఒక్క వీధి మాత్రమే అడ్డముండుటచేత, మంచిచెంబు చేయుట ఆతనికి కళావిషయము కాక, ప్రశాంతముగా బ్రతుకు వెళ్ళబుచ్చుటకు అత్యవసరమైన ఉపాయమైనది.

నేడు ఆ వీధి సముద్రములంత వెడల్పైనది. నేను బసచేయు హోటళ్ళ స్నానాలగదులలో చెంబు కానరాదు. గోడనుండి పొడుచుకొనివచ్చిన నిగనిగలాడు లోహదండ మొకటి దర్శనమిచ్చును. దానిని పైకెత్తవలెనో, పక్కకు త్రిప్పవలెనో, ప్రార్థింపవలెనో సూచించు గుర్తు ఒక్కటియు ఉండదు. బకెట్టు నింపదలచి త్రిప్పినచో నెత్తిమీదినుండి చన్నీరు దుముకును. చలికి వణకుచు తల రుద్దుకొందమన్నచో, చిటికెన వ్రేలంత సీసాలు, ఒకే రూపున, ఒకే రంగున, నాలుగు కలవు. ఏది తలకో, ఏది ఒంటికో, ఏది స్నానానంతర లేపనమో చీమతలకాయలంత అక్షరములతో వాటిపై వ్రాయబడియుండును. కళ్ళజోడు పెట్టుకొని స్నానముచేయు మానవుడు భూమండలమున అరుదన్న విషయము ఆ అక్షరములు కూర్చిన మహాశయునకు తోచియుండదు. ఆతనికి యౌవనము శాశ్వతముగా నుండుగాక!

అంతకంటె గహనమైనది మన ఇండ్లలోని స్విచ్చిబోర్డు. ఒక బంధువుల ఇంట అతిథుల గదిలో ఒకే వరుసను, కవలపిల్లలవలె, ఎనిమిది స్విచ్చులుండెను. గృహస్థుడు నిద్రకుపక్రమించుటకు ముందు దయతో నాకు ఉపదేశము చేసెను. "పెద్ద చిక్కేమీ లేదు బావగారూ. ఎడమనుంచి మూడోది ఫ్యాను. నాలుగోది పనిచెయ్యదు. ఆరోది వేస్తే లైటు, కాని ముందు రెండోది వేసి ఉండాలి. అయిదోది మాత్రం ముట్టుకోకండి."

"ముట్టుకుంటే ఏమవుతుంది బావగారూ?"

"ఏమో నండీ, మేమెప్పుడూ ముట్టుకోలేదు."

అర్ధరాత్రమున దాహమై, చీకటిలో గోడను తడవుచు, ఎడమ అనగా మంచముమీద పరుండినవాని ఎడమయో, గోడకు ఎదురుగా నిలిచినవాని ఎడమయో అన్న మీమాంసలో పడి, వ్రేలికి తగిలిన దానినెల్ల నొక్కుకొనుచు పోతిని. గదిలో వెలుతురు రాలేదు గాని, వీధిలో కుక్కలు మొరిగినవి. వాకిటి దీపము వెలుగుటలేదని బల్బులు మార్చి మార్చి, పనివానిని తిట్టి తిట్టి, తుదకు ఆశ వదలుకొన్న ఆ గృహస్థునకు, దాని స్విచ్చి అతిథుల గదిలో అయిదవదిగా అజ్ఞాతవాసము చేయుచున్నదని నాటి రాత్రి నా మూలమున తెలియవచ్చినది.

ఈ బాధ మనకే ప్రత్యేకమైనది కాదు. అమెరికా పండితుడు డొనాల్డ్ నార్మన్ ఇంగ్లండులో కొంతకాలముండి, అచ్చటి స్విచ్చులతోడను, కొళాయిలతోడను, తలుపులతోడను వేగలేక, 1988లో నిత్యోపయోగ వస్తువులపై ఏకముగా ఒక గ్రంథమునే వెలువరించెను. తలుపు తెరుచుటకు లాగుడు, తోయుడు అని వ్రాసిపెట్టవలసి వచ్చినచో తప్పు తెరుచువానిది కాదు, తలుపుదే అని ఆతని తీర్పు. మన స్విచ్చులు ఆ ఇంగ్లీషువారి సంతానమే గదా! వారివలె మనమును క్రిందికి నొక్కి దీపము వెలిగింతుము. అమెరికావారు పైకెత్తి వెలిగింతురు. అందుచేత అచ్చట స్థిరపడిన మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, వెలుగుచున్న దీపముల నార్పుచు, తిరుగుచున్న ఫ్యానుల నాపుచు రెండు దినములు గడిపి, మూడవనాటికి స్వదేశీయులగుదురు.

పూర్వులదంతయు బంగారమని నేను వాదించుటలేదు. మా తాతలనాటి ఇంటి ద్వారబంధములు పొడగరుల నొసళ్ళపై చేసిన ముద్రలు నేనెరుగుదును. కత్తిపీట మాట చెప్పనేల? మోకాలు ముడుచుకొని నేల కూలబడి, పీటపై కాలుమోపగలుగువారికే అది వంకాయ తరిగిపెట్టును. మోకాలినొప్పులను అది గుర్తింపదు. అమెరికాలో శామ్ ఫార్బర్ అను వ్యాపారి, చేతులకు కీళ్ళవాతము సోకిన తన భార్య పండ్ల తొక్క తీయుటకు పడు అవస్థ చూచి, లావైన మెత్తని రబ్బరు పిడిగల పనిముట్టులు చేయించి, 1990లో ఆక్సో అను పేర విక్రయింపగా, కీళ్ళు చక్కగానున్నవారు కూడ ఎగబడి కొనిరి. భార్య పనిచేయుచుండగా కన్నెత్తి చూచిన భర్తకు లక్ష్మీకటాక్షము కలుగునన్న ఈ సత్యమును మగవారు గమనింతురుగాక.

మనదేశమందును అట్టి చూపుగలవారు లేకపోలేదు. పాశ్చాత్యుల కృత్రిమపాదము బూటు తొడుగుకొని కుర్చీపై కూర్చుండు దొరకు సరిపోవును గాని, బాసిపట్టు వేసికొని భోంచేసి, గొంతుకూర్చుండి, వట్టికాళ్ళతో బురదలో నడచు రైతునకు అది కాలు కాక అదనపు బరువగుచుండెను. జయపురమున రామచంద్రశర్మ అను శిల్పియు, ప్రమోద్ కరణ్ సేఠీ అను శస్త్రవైద్యుడును కలిసి 1968లో రూపొందించిన రబ్బరు పాదము ఆ పనులన్నియు చేయుచున్నది. శర్మగారు పెద్ద చదువులు చదివినవారు కారు. ఆయన కాలినిగాక, ఆ కాలితో మనిషి చేయదలచిన పనిని చూచిరి.

చూచుటకై కొందరు పడిన పాట్లు వినిన ఆశ్చర్యము కలుగును. పాట్రీషియా మూర్ అను యువతి 1979లో, తన 26వ యేట, ఎనుబదేండ్ల వృద్ధురాలివలె వేషము ధరించి, మసక కళ్ళద్దములు పెట్టి, చెవులలో బిరడాలు కుక్కి, కీళ్ళు వంగకుండ కట్లు కట్టుకొని, 1982 వరకు అమెరికా, కెనడా నగరములలో బస్సులెక్కుచు, తలుపులు తోయుచు తిరిగెను. మన ఇంజనీర్లకు అంత శ్రమయేల? ఇంట తల్లిగారున్నారు. అయినను, 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టమునకు వెరచి ఒక కార్యాలయమువారు మెట్లప్రక్కన కట్టించిన వాలుదారిని నేను చూచితిని. అడుగెత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలెనని లెక్క. అది అడుగున్నరతో సరిపుచ్చబడినది. చక్రాలకుర్చీలో పైనుండి దిగువాడు తిన్నగా వైకుంఠమునకే చేరును. పైకెక్కగలిగిన మహనీయునకు ఎదురుగా మరియొక మెట్టును, దాని ముందర గుమాస్తాల స్కూటర్లును స్వాగతము పలుకును.

కావున ఇండ్లు కట్టువారికిని, హోటళ్ళు నడుపువారికిని నాదొక విన్నపము. గది సిద్ధమైన పిమ్మట, గృహప్రవేశమునకు ముందే, మీ తల్లిదండ్రులను ఒక్కరాత్రి అందు పరుండబెట్టుడు. వారి కళ్ళజోళ్ళు మీయొద్ద ఉంచుకొనుడు. ఏ స్విచ్చి దేనిదో చెప్పకుడు. తెల్లవారిన తరువాత వారనిన మాటలన్నియు పొల్లుపోకుండ వ్రాసికొని, అందులో సభ్యమైన వానినైనను మేస్త్రీకి చదివి వినిపింపుడు.