స్త్రీల గ్యాలరీ జాలకము: ఆత్మకథ

లండను నగరమున, థేమ్సు నదీతీరమందలి పార్లమెంటు సౌధములో, కామన్సు సభాపతి పీఠమునకు పైన, స్త్రీలు కూర్చుండు గ్యాలరీకి అడ్డముగా, వారు సభ్యుల కంటబడకుండునట్లు బిగింపబడిన లోహజాలకమును నేను. నా సందులకు కన్నులానించి సభను చూచిన కులీనస్త్రీలనేకులున్నను, నాకు ఆత్మబంధువైనది ఒక్కతె: విలియం గ్లాడ్‌స్టను అర్ధాంగి కాథరీను.

ఆమె పుట్టినది 1812లో, వేల్సు సరిహద్దునగల హార్డెన్ కోటలో. తండ్రి సర్ స్టీఫెన్ గ్లిన్ బారొనెట్టు, తల్లి బ్రేబ్రూక్ ప్రభువు పుత్రిక. 1839 జూలై 25వ తేదీన ఆమెకు గ్లాడ్‌స్టనుతోను, చెల్లెలు మేరీకి లిటిల్టన్ ప్రభువుతోను ఒకే చర్చిలో ఒకే వేళ వివాహములు జరిగెను. మేరీ పండ్రెండుగురు బిడ్డలను కని 1857లో కన్నుమూయగా, తన ఎనమండుగురిలో జెస్సీ అను చిన్నారిని అంతకు ఏడేండ్ల క్రిందటనే పోగొట్టుకొనిన కాథరీను, ఆ తల్లిలేని పిల్లలకు తానే తల్లియయ్యెను.

భర్త గంటలతరబడి ఉపన్యసింపవలసిన దినములలో, ఆయన కంఠమునకు బలము చాలునట్లు, కోడిగ్రుడ్డును షెర్రీ మద్యమున గిలకొట్టి, చిన్నపాత్రలో నింపి, స్వహస్తములతో సిద్ధముచేసి, పిదప నా వెనుక వచ్చి కూర్చుండి, ఆయన గళము సన్నగిలినప్పుడెల్ల తాను ఊపిరి బిగబట్టెడిది.

నాలుగు పర్యాయములు ప్రధానమంత్రియైనవాని ఇల్లాలుగానే లోకమామెను ఎరుగును. నేనెరిగిన కాథరీను అంతకు మిక్కిలి. 1866లో తూర్పు లండనున కలరా చెలరేగినప్పుడు, అంటురోగమునకు వెరవక ఆసుపత్రికి పోయి, దిక్కులేని శిశువులను కంబళ్లలో చుట్టి తెచ్చి నీడ కల్పించెను. కోలుకొనుచున్న బీదరోగులకు విశ్రాంతిగృహము నెలకొల్పెను. 1882 మే 6వ తేదీన, మేరీ కుమార్తె లూసీ భర్తయగు ఫ్రెడరిక్ కావెండిష్ ప్రభువును డబ్లినులో ఘాతకులు పొడిచి చంపిరను వార్త రాగా, ఆ రాత్రియే భర్తతో కూడ లూసీ చెంతకు చేరెను. ఆ గాయము మానకమునుపే, నాలుగేండ్లకు భర్త ఐర్లండునకు స్వపరిపాలనమీయవలెనని ఇదే సభలో పోరాడగా, ఆయనకు అండయై నిలిచెను.

భర్త 1898లోను, ఆమె 1900లోను గతించిరి. ఇరువురిని వెస్టుమినిస్టరు ఆబేలో ప్రక్కప్రక్కన సమాధి చేసిరి. అటుపిమ్మట, 1908 అక్టోబరు 28న, ఓటుహక్కు కోరుచు ఇరువురు స్త్రీలు గొలుసులతో తమ్ము నాకు బంధించుకొనగా, విడదీయజాలక, నాలోని భాగమును వారితో కూడ పెకలించి కొనిపోయిరి. ఆనాటి హోం మంత్రి హెర్బర్టు, కాథరీను కనిష్ఠపుత్రుడు! అన్ని దశాబ్దములు ఆమె ముఖమును సభకు కానరానీయక దాచినది నేనే గదా యను పరితాపము నన్ను ఆవహించినది ఆ దినముననే. 1917లో సభవారు నన్ను ఊడదీయ నిశ్చయించినప్పుడు నాకు కలిగినది ఆనందమే. ఇప్పుడు సెంట్రల్ లాబీ కిటికీలకు అమరియుండి, ఆ దారిని నడచి సభకు పోవు స్త్రీప్రతినిధులను చూచుచున్నాను.