నేల చూసి ములికి కొట్టినవాళ్లం

నేల చూడకుండా బొంగరం విసిరేవాణ్ణి మా బండి ఆత్మకూరులో ఎవరూ ఆటలోకి రానిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడేమో హైదరాబాదు మాల్‌లో, బంతి దొర్లించి పిన్‌లు పడగొట్టే బౌలింగ్ ఆటకు వందలకు వందలు కట్టి, నేలెట్లుందో చూడకుండా, అరలో గులాబీరంగు బంతి కనబడితే ఎత్తుకుని విసిరేయడమే. "అదే ఎందుకు తీసుకున్నావురా?" అంటే "బాగుంది కదా తాతా" అంటాడు మా మనవడు. రంగు బాగుండాలనడానికి అదేమన్నా పెళ్లికూతురి చీరా?

మా రోజుల్లో అంటే మా ఊరు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులు. ఇప్పుడు మా ఊరున్న నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. మా బొంగరాలు అంతకు చాలా ముందే చెదలు పట్టిపోయినాయి.

అప్పట్లో నేలను బట్టి ములికి, అంటే బొంగరం అడుగున కొట్టే మేకు. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. ములికి నెర్రెలో దిగిందంటే ఆట అయిపోయినట్టే. కాలువ గట్టున ఒండ్రు మెత్తన. అక్కడ సూదిమొన ములికి పనికిరాదు, దిగబడి నిలిచిపోతుంది. మొన కాస్త గుండ్రంగా అరగదీసి ఉండాలి. ఓంకారం దారిలో కొండవైపు పోతే గరుసు నేల. అక్కడ గుండ్రటి మొన రాళ్ల మీద పడి ఊరంతా తిరుగుతుంది, పదునైనదైతే ఉన్నచోటే నిలబడి గిర్రుమంటుంది. ములికి పొడుగు పెంచితే గుంతల మీద బొంగరం కడుపు నేలకు తగలదు, కానీ త్వరగా తూలుతుంది. పొట్టిదైతే నిదానంగా, ఎక్కువసేపు తిరుగుతుంది. ఇవన్నీ ఏ పంతులూ చెప్పలేదు. నేల మీద గీసిన గిరి మధ్యలో మన బొంగరం పడి ఉంటే, అవతలివాడు గురిచూసి దాని నెత్తిన ములికి దించినప్పుడు వాటంతటవే తెలిసొచ్చేవి.

బొంగరం చేయించుకోవడం వేరే పండగ. తుమ్మ మొద్దు సంపాదించి వడ్లాయన దగ్గర కూర్చోవాలి. ఆయనకు ఎద్దులబండి పని, నాగలి పని ఉంటాయి. మన పని చివరికి. బాడిశతో చెక్కి, అడుగున బరమా పెట్టి సన్నగా రంధ్రం తీసేవాడు. రంధ్రం లేకుండా మేకు దిగ్గొడితే తుమ్మ చీలుతుంది. ఆ రంధ్రం నడిమిన పడకపోతే బొంగరం గిలగిలా కొట్టుకుంటుంది. ఆయన ఒక కన్ను మూసి చూసి, మేకు కొట్టి, తల కత్తిరించి, ఆకురాయి మాకిచ్చి "మొన మీరే చూసుకోండప్పా, ఏ నేల మీద ఆడతారో నాకేం తెలుసు" అనేవాడు.

డాలస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు లీగ్‌లో బౌలింగ్ ఆడతాడు. వాడు ఫోనులో చెప్పిందాకా ఆ బౌలింగ్ నేలకు కూడా గుణం ఉందని నాకు తెలియదు. "మామా, గీత కాడినుంచి మొదటి పిన్ దాకా అరవై అడుగులు. మొదట నలభై అడుగుల దాకా నూనె పూస్తారు, చివర పొడిగా వదిలేస్తారు. నూనె మీద బంతి జారుతుంది, పొడి తగలగానే పట్టుకుని వంక తిరుగుతుంది" అన్నాడు. నూనె మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ పూయడం మామూలంట. ఆడేకొద్దీ బంతులే దాన్ని తుడిచేస్తాయి కాబట్టి గంట కిందటి నేల ఇప్పటి నేల కాదు. నూనె ఎక్కువైతే పట్టు ఉండే రెసిన్ బంతి, దాని పైతోలును గరుకు పట్టీతో రుద్ది మరీ వాడతారు. పొడిగా ఉంటే నున్నగా పాలిష్ పెట్టింది. అంటే ఆకురాయి బుద్ధే! ఒకప్పుడు బౌలింగ్ బంతులూ గట్టి కలపవేనంట. రబ్బరు బంతి వచ్చింది 1905లో.

బొక్కల సంగతి ఇంకా పెద్దది. చేతి కొలత తీసి, బొటనవేలికీ రెండు వేళ్లకూ వేరువేరు రంధ్రాలు తొలుస్తారు. బంతి లోపల బరువైన గుండె ఒకటి ఉంటుంది. దానికి ఎంత దూరంలో, ఏ వైపున తొలిచారన్నదాన్ని బట్టి బంతి ముందే తిరుగుతుందా, చివరిదాకా పోయి తిరుగుతుందా అన్నది తేలుతుంది. బరువు సరిచూసుకోవడానికి ఇంకో బొక్క కూడా పెట్టించుకునేవాళ్లు. యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ 2020 ఆగస్టు 1 నుంచి దాన్ని ఎత్తేసింది. మంచి పని. బొంగరానికి రెండో మేకు ఎవరన్నా కొట్టించుకుంటారా?

మావాడి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మేం ఒక్క బొంగరానికే మొన మార్చుకున్నాం. వాడు సంచీడు బంతులు మోస్తాడు. అయినా వాడు మా జాతివాడే, ముందు నేల చూస్తాడు. మాల్ పిల్లోళ్లకు ఆ బాధ లేదు. మా ఊళ్లోనూ అంతే. వీధులకు సిమెంటు పడింది, ములికి ఒక్క పూటలో అరిగిపోతుంది. మహానంది తిరునాళ్లలో లైటు వెలిగే ప్లాస్టిక్ బొంగరాలు. దానికి తాడు చుట్టనక్కరలేదు, నేల ఏదైనా దానికొకటే.

మాల్‌కు పోయేవాళ్లకు ఒక మాట. అక్కడ అద్దెకిచ్చేవి చాలావరకు నేరుగా పోయే ప్లాస్టిక్ బంతులు, ఎవరి చేతికీ కొలిచి తొలిచినవి కావు. అందుకే విసిరే ముందు బొటనవేలు పెట్టి లాగి చూడండి. సులువుగా రాకపోతే ఆ బంతి అరలో పెట్టేసి ఇంకోటి తీసుకోండి.