సాత్తూరు పాళీ ఆత్మకథ

ఫౌంటెన్ పెన్ను ధర బాడీని బట్టి ఉంటుంది, రాత మాత్రం పాళీని బట్టి ఉంటుంది. బాడీ ఎబొనైట్‌ది అయినా ప్లాస్టిక్‌ది అయినా కాగితాన్ని తాకేది పాళీ మొనే. ఆ మొనలో కాగితానికి ఆనే మేర ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తక్కువ ధర పెన్నుల మంచీ చెడూ అక్కడే తేలిపోతాయి. ఇక్కడ తన సంగతి చెప్పుకుంటున్నది అలాంటి పెన్నులో ఏళ్ల తరబడి పనిచేసిన ఒక స్టీలు పాళీ. పొడవు 35 మిల్లీమీటర్లు. ఒంటి మీది బంగారు రంగు పూత చాలాచోట్ల పోయింది, చెక్కిన అక్షరాలు సగం అరిగాయి.

తమిళనాడులో విరుదునగర్ జిల్లాలోని సాత్తూరు దీని పుట్టిల్లు. శివకాశికి దగ్గరి ఊరు. కారం సేవుకు, దోసకాయలకు ఎంత పేరుందో ఒకప్పుడు పెన్ను పాళీలకూ ఆ ఊరికి అంత పేరుండేది. చిన్న చిన్న కార్ఖానాల్లో మనుషులు ప్రెస్సుల ముందు కూర్చుని పాళీలు తీసేవారు. దేశంలో పిల్లల చేతిలోని మామూలు పెన్నుల్లో చాలావాటికి పాళీలు అక్కడినుంచే వెళ్లేవి. బాల్ పెన్నులు వచ్చి ఫౌంటెన్ పెన్నులను పక్కకు నెట్టాక ఆ కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈ పాళీ ఆ పని ఇంకా జోరుగా సాగుతున్న రోజుల్లోది.

పాళీకి గుర్తున్న మొదటి దెబ్బ ప్రెస్సుది. తుప్పుపట్టని స్టీలు రేకును సాగదీసి, పలచని పట్టీగా చేసి, ప్రెస్సు కింద పెడితే ఆకు ఆకారంలో బిళ్లలు తెగి పడతాయి. రెండో దెబ్బకు మధ్యలో గుండ్రటి రంధ్రం, మూడో దెబ్బకు పేరు, ఆ తర్వాతి దెబ్బకు వంపు. వంపు లేని రేకు, కింద ఉండి ఇంకు అందించే నాలుక మీద కూర్చోదు, చేతి ఒత్తిడికి నిలబడదు. చివరకు సన్నటి రాపిడి చక్రం రంధ్రం నుంచి మొన దాకా చీలిక కోస్తుంది. అప్పటిదాకా ఒకటిగా ఉన్న రేకుకు రెండు రెక్కలు వస్తాయి. పాళీ పాళీ అయ్యేది ఈ కోతతోనే.

చౌక పాళీకి, మేలైన పాళీకి అసలు తేడా వచ్చేది మొన దగ్గర. మేలైన పాళీకి ఆస్మియం, రుథీనియం, టంగ్‌స్టన్ వంటి గట్టి లోహాల మిశ్రమంతో చేసిన చిన్న గింజను మొనకు అతికి, ఆ గింజను కూడా చీల్చి, సానబట్టి గుండ్రం చేస్తారు. ఇరిడియం అని పాళీల మీద ముద్ర ఉన్నా ఇప్పటి గింజల్లో ఇరిడియం బొత్తిగా లేకపోవడమో, చాలా కొద్దిగా ఉండడమో మామూలే. గింజ గట్టిగా, గుండ్రంగా ఉన్నంతవరకు అందులో చింతించాల్సింది లేదు. ఈ పాళీకి గింజ అతకలేదు. రేకు చివరనే కిందికి నొక్కి ఉబ్బెత్తుగా మలిచారు. అందుకే అది కొన్ని రూపాయలకు దొరికింది, అందుకే గింజ ఉన్నదాని కన్నా ముందు అరిగింది కూడా.

బంగారు పాళీ గొప్పదన్న మాట పాత రోజుల నుంచి వస్తున్నది. ఆ కాలపు ఇంకుల్లో ఆమ్లం ఎక్కువ, మామూలు ఉక్కును అవి తినేసేవి. బంగారానికి ఆ బెడద లేదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాక ఆ కారణం చాలావరకు తీరిపోయింది. బంగారం కాస్త మెత్తగా సాగుతుందనుకునేవారున్నారు. అదీ చాలావరకు పాళీ ఆకారాన్ని, మందాన్ని బట్టే ఉంటుంది. కాగితాన్ని తాకేది గింజే కాబట్టి, బాగా సానబట్టిన స్టీలు పాళీ సరిగ్గా సానబట్టని బంగారు పాళీ కంటే నున్నగా రాస్తుంది. ఈ మాట స్టీలు పాళీ చెప్పుకుంటున్నదే అయినా నిజం.

చీలిక మీద ఇంకు నడక అంతా ఆధారపడి ఉంటుంది. ఇంకు సందు ఇరుకైన వైపుకే పాకుతుంది కాబట్టి చీలిక రంధ్రం దగ్గర కాస్త వెడల్పుగా, మొనకు వచ్చేసరికి వెంట్రుక పాటిగా ఉండాలి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సన్నటి గీత మొన వైపు ఇంకా సన్నబడుతూ కనిపించాలి. మొన దగ్గర రెక్కలు బిగుసుకుపోతే రాత పొడిబారుతుంది, విడిపోతే గీత లావై కాగితం తడుస్తుంది. మొన దగ్గర విడిగా, వెనక బిగుతుగా ఉంటే ఇంకు సగం దారిలోనే ఆగిపోతుంది. చౌక పాళీల్లో తరచుగా కనిపించే లోపం ఇదే.

పాళీ ఒంటరిగా రాయలేదు. కింద నాలుక ఉండాలి. నాలుక మీది సన్నటి గాడిలో ఇంకు ముందుకు వస్తుంది, అదే దారి పక్కగా గాలి వెనక్కి పోతుంది. లోపలికి గాలి పోకపోతే బయటికి ఇంకు రాదు. పాళీకి, నాలుకకు మధ్య సందు ఉంటే ఇంకు తెగిపోతుంది. ఎంత మంచి పాళీ అయినా సరిగ్గా ఆనని నాలుక మీద చెడ్డ పాళీయే.

డజన్ల లెక్కన కాగితం పొట్లాల్లో కట్టి పంపిన పాళీల్లో ఇది రాజమండ్రి చేరింది. పెన్నుల విషయంలో ఆ ఊరిది ప్రత్యేక స్థానం. కోసూరి వెంకటరత్నం స్వదేశీ పెన్ను తయారుచేసి గాంధీజీకి పంపితే, బజారులో దొరికే విదేశీ పెన్నులకు అది బదులు కాగలదని మెచ్చుకుంటూ 1935 జూలైలో ఆయన వార్ధా నుంచి ఉత్తరం రాశారు. ఆ తర్వాత అక్కడ రత్నం పెన్నులు, గైడర్ పెన్నులు ఊరి పేరును దూరాలకు తీసుకువెళ్లాయి. లేతు మీద ఎబొనైట్ కడ్డీని తిప్పి బాడీ తీయడం, మరలు కోయడం, పాళీ, నాలుక బిగించి రాసి చూసి ఇవ్వడం చేతిపని. ఎబొనైట్ అంటే రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరచిన పదార్థం. దాని నాలుకకు ఒక మేలు ఉంది, అది ముందు ముందు వస్తుంది.

ఈ పాళీ వెళ్లింది ఒక దస్తావేజు లేఖరి పెన్నులోకి. ఆయన పాత పాళీ సిమెంటు నేల మీద మొన వైపుగా పడి వంకరపోయింది. దుకాణదారు పాత పాళీని, నాలుకను కలిపి గుడ్డతో పట్టుకుని తిన్నగా లాగాడు. మెలితిప్పి లాగితే నాలుక విరుగుతుంది, పళ్లతో లాగితే రెక్కలు వంగుతాయి. కొత్త పాళీని సబ్బు నీళ్లతో కడిగాడు, ఎందుకంటే తయారీలో అంటిన నూనె ఉంటే ఇంకు పట్టదు. నాలుక మీద పెట్టి పక్క నుంచి చూస్తే సన్నటి సందు కనిపించింది. అప్పుడు ఎబొనైట్ మేలు బయటపడింది. పాళీని, నాలుకను మరిగిన నీళ్లలో కాసేపు ఉంచి తీసి, మెత్తబడిన నాలుకను బొటనవేలితో పాళీకి అదిమి, చన్నీళ్లలో ముంచాడు. నాలుక ఆ వంపులోనే గట్టిపడింది. నాలుక చివర మొనకు మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనక ఆగేలా అమర్చి లోపలికి నొక్కాడు.

సీసాలో ముంచి లేఖరి ముందు శ్రీ రాశాడు. ఆ తర్వాత ఇ, ణ, ఖ రాశాడు. తెలుగు రాతకు పాళీని పరీక్షించడానికి ఇంతకంటే మంచి అక్షరాలు లేవు. తెలుగు అక్షరం గుండ్రటిది. మొన పైకి, కిందికి, ఎడమకు, కుడికి అన్ని వైపులా తిరిగి వస్తుంది. మొనకు ఒక్క పక్క పదును మిగిలినా సున్న చుట్టేటప్పుడు ఎక్కడో ఒకచోట పట్టుకుంటుంది. ఈ పాళీ కుడివైపు గీతల్లో గీరింది. దుకాణదారు భూతద్దంలో ఎదురుగా చూస్తే ఎడమ రెక్క వెంట్రుకంత కిందికి ఉంది. ఎడమ నుంచి కుడికి పోయేటప్పుడు గీరితే ఎడమ రెక్క, కుడి నుంచి ఎడమకు గీరితే కుడి రెక్క కిందికి ఉన్నట్టు. గోటితో ఎడమ రెక్కను మెల్లగా పైకి అదిమాడు. మళ్లీ రాశాడు. మళ్లీ అదిమాడు. గరుకుదనం పోయింది. రాతి మీదో, గాజు మీదో రుద్దకుండానే పోయింది. పాళీ గీరితే వెంటనే రుద్దేవాళ్లు చాలామంది ఉన్నారు. గరుకుకు చాలాసార్లు కారణం రెక్కలు సమంగా లేకపోవడం. అది సరిచేయకుండా రుద్దితే ఉన్న కాస్త మొన పోతుంది.

అక్కడినుంచి ఏళ్ల తరబడి ఈ పాళీ స్టాంపు కాగితాల మీద నడిచింది. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు, తూర్పున ఫలానావారి పొలం, పడమట పంటకాలువ, ఉత్తరాన డొంక, దక్షిణాన ఫలానావారి దిబ్బ. అమ్మినవారి వేలిముద్ర పక్కన సాక్షుల సంతకాలు కూడా చాలావరకు దీనితోనే పడ్డాయి. కొత్త చేయి సంతకం కోసం గట్టిగా నొక్కినప్పుడల్లా రెక్కలు విచ్చుకునేవి. లేఖరి పెన్ను అందుకోగానే వెనక్కి తిప్పి చూసుకునేవాడు. పాళీకి ఆయన చూపిన శ్రద్ధ అంతే కాదు. బాడీలోనే ఇంకు నింపే ఈ రకం పెన్నులో ఇంకు తగ్గేకొద్దీ ఖాళీలో గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును తోస్తుంది, దస్తావేజు మీద చుక్క పడుతుంది. అందుకని పావు వంతు మిగలగానే ఫిల్లరుతో నింపేవాడు. నెలకోసారి చన్నీళ్లతో కడిగేవాడు. ఎండిన ఇంకు చీలికలో చేరితే ఎంత మంచి పాళీ అయినా మొరాయిస్తుంది.

దస్తావేజులు కంప్యూటర్‌లో అచ్చవడం మొదలయ్యాక పెన్ను ఆయన మనవరాలి చేతికి వచ్చింది. ఆమె రాస్తే గీరింది. పాళీ చెడిపోలేదు, అరిగింది. గింజ లేని మొన ఒక్క చేతి వాటానికి, ఒక్క వాలుకు చదునుగా అరిగిపోయింది. ఆ వాలులో పట్టిన చేతికి వెన్నలా నడిచేది, పెన్నును కాస్త నిలువుగా పట్టే చేతికి అరుగు అంచు తగిలింది. దాన్ని మళ్లీ గుండ్రం చేయడానికి అక్కడ లోహం మిగల్లేదు. మార్చడమే సరైన పని.

మార్చేటప్పుడు ఆమె చేసిన మంచి పని కొలత చూడడం. పాళీల మీది 5, 6 అంకెలు అన్ని తయారీదారులకూ ఒకటి కావు. మామూలుగా 5వ నంబరు పాళీకి నాలుక వ్యాసం ఐదు మిల్లీమీటర్ల దగ్గర, 6వ నంబరుకు ఆరు దాటి ఉంటుంది. పొడవు కుదిరినా వంపు కుదరకపోతే పాళీ నాలుక మీద కూర్చోదు. అందుకే పాత పాళీని, నాలుకను వెంట తీసుకువెళ్లింది. హైడెల్‌బర్గ్‌లోని బాక్, బెర్లిన్‌లోని జోవో కంపెనీల జర్మన్ స్టీలు పాళీలు ఇప్పుడు ఇక్కడి ఎబొనైట్ పెన్నుల్లోనూ వస్తున్నాయి. అవి చాలావరకు పాళీ, నాలుక, గొట్టం కలిసిన మర సెట్లు. ఆ మర లేని పాత పెన్నులోకి సెట్టు దిగదు. కాన్పూరులోని కాన్‌రైట్ వారి 35 మిల్లీమీటర్ల పాళీకి గింజ ఉంది, వంపు పాత నాలుకకు కుదిరింది, ధర జర్మన్ సెట్టు ధరలో చిన్న వంతు. అదే తీసుకుంది. తెలుగు రాతకు సన్న మొన బాగుంటుంది, ఎందుకంటే మీడియం మొనతో చిన్నగా రాస్తే ఒత్తుల లోపలి ఖాళీలు పూడిపోతాయి. మరిగిన నీళ్లు, బొటనవేలు, చన్నీళ్లు అంతా మళ్లీ జరిగింది. పెన్ను ఇప్పుడు ఆమె పోటీ పరీక్షల నోట్సు రాస్తున్నది. ఈ పాళీ విడి సామాన్ల డబ్బాలో ఉంది.

తక్కువ ధరలో పెన్ను కొనేవారు రంగు, క్లిప్పు చూసుకునే ముందు దుకాణదారును రెండు సంగతులు అడగాలి. పాళీ, నాలుక చేత్తో ఊడదీసి మార్చుకునేవా, ఆ కొలత పాళీ విడిగా దొరుకుతుందా. రెండింటికీ అవునంటే రాసి చూసి కొనండి, కొనేటప్పుడే అదే కొలత పాళీ ఇంకొకటి తీసి పెట్టుకోండి.