నా నెత్తిమీది గది

నన్ను చూడాలంటే తలెత్తాలి. ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళు గోడలు తడతారు, నల్లా తిప్పుతారు, ఈశాన్యం ఎటని అడుగుతారు. తలెత్తేవాళ్ళు తక్కువ. హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురాలో 72 గజాల ఇల్లు మాది. దాని ముందుగది కప్పును మోసే టేకు దూలాన్ని నేను. పొడవు 12 అడుగులు, లోతు 9 అంగుళాలు, వెడల్పు 6.

పుట్టింది ఆదిలాబాద్ అడవిలో. ఎక్కింది నిజాం కాలంలో. ఇల్లు కట్టించిన తాత, 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు ఒడ్డున ఉన్న ఇంటిని పోగొట్టుకున్నవాళ్ళ కొడుకు. పునాది దగ్గర కూర్చొని రెండు మూరలు ఎక్కువ తవ్వించాడట. నీళ్ళు కింది నుంచి వస్తాయనే ఆయన భయమంతా. పైనుంచి కూడా రావచ్చని ఆయనకు తోచలేదు.

నామీద అడ్డంగా వాసాలు పరిచారు. వాటిమీద పలచటి ఇటుకలను పక్కకు నిలబెట్టి, డంగు సున్నంతో ఏటవాలుగా పేర్చారు. పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, ఆడవాళ్ళు వరసగా కూర్చొని కర్ర పలకలతో రోజుల తరబడి కొట్టారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుతూ, పాటలు పాడుతూ కొట్టారు. ఆ దెబ్బలు ఒక్కొక్కటీ నాలోకి దిగాయి. అయినా బరువనిపించలేదు. నామీద ఎంత బరువు ఎత్తుతున్నారో తెలిసిన వడ్రంగి నన్ను ఎంచుకున్నాడు కాబట్టి. అరవై ఏళ్ళు ఆ మిద్దెమీద వడియాలు ఎండాయి, సంక్రాంతికి పతంగులు ఎగిరాయి, ఎండాకాలం రాత్రులు మంచాలు పడ్డాయి. మనుషుల బరువు వచ్చి పోయేది. రాత్రి ఎక్కితే పొద్దున దిగేది.

1998లో ఎక్కింది మాత్రం మళ్ళీ దిగలేదు.

తాత మనవడికి పెళ్ళి కుదిరింది. కొత్త జంటకు ఒక గది కావాలి. స్థలం పక్కకు పెరగదు, గల్లీ వెడల్పు ఆరడుగులు. మేస్త్రి వచ్చి మిద్దెమీద సున్నంతో నాలుగు గీతలు గీశాడు. ప్లాను అంటే అదే. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు, పైన సిమెంటు రేకులు, బయట గోడకు ఇనుప మెట్లు. పనంతా పన్నెండు రోజులు. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న ఒక్క గోడే టన్నున్నర పైమాట. ఆ గోడల్లో ఒకటి సరిగ్గా నా నడుం మీద లేచింది. కింద నేనున్నానా, వాసముందా, ఖాళీనా అని చూసినవాళ్ళు లేరు.

తర్వాత వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు వచ్చింది. నిండితే టన్ను. ఆ తర్వాత మూలన స్నానాల గది. దాని నీళ్ళు బయటికి కొంతే పోయేవి. మిగిలినవి గోడలోంచి నా కుడిచివర దగ్గరికి వచ్చేవి. పగలు ఆరేది, రాత్రి తడిసేది. టేకు నీటికి చావదంటారు. నిజమే గాని, గోడలో ఊపిరాడక ఇరవై ఏళ్ళు తడిసే టేకు సంగతి వేరు.

కాగితాల సంగతి చెబుతాను. కాగితాలన్నీ నా కిందే చదివేవారు. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబర్ 15 దాకా అనుమతి లేకుండా కట్టినవాటికి జరిమానా కట్టించుకొని క్రమబద్ధం చేస్తామని 2007 డిసెంబర్ 31న జీవో 901 వచ్చింది. మా గది సరిగ్గా ఆ లెక్కలో పడేది. మనవడు దాన్ని శ్రద్ధగా చదివి, "ఎవ్వరు అడగనిది మనమెందుకు చెప్పుకోవాలె?" అని మడిచి పక్కన పెట్టాడు. 2015 నవంబర్‌లో జీవో 152 వచ్చింది. ఈసారి అక్టోబర్ 28 వరకు కట్టినవన్నీ. ఈసారి దరఖాస్తు పెట్టాడు, డబ్బు కట్టాడు, రసీదు తెచ్చాడు. ఆ పథకం మీద కొందరు హైకోర్టుకు వెళ్ళారు. దరఖాస్తులు చూడొచ్చు గాని తుది ఉత్తర్వులు ఇవ్వొద్దని కోర్టు చెప్పింది. ఫైలు అక్కడ ఆగింది. మనవడు రసీదుకు లామినేషన్ చేయించి గూట్లో దేవుడి పటం పక్కన పెట్టాడు. ఏటా ఆస్తిపన్నుకు తోడు ఆస్తిపన్నంత జరిమానా కూడా కట్టేవాడు. అనుమతి లేని అంతస్తుకు అది తప్పదు. కట్టినంత మాత్రాన గది సక్రమం కాదు. కానీ కట్టీ కట్టీ, కడుతున్నాం కాబట్టి సక్రమమేనని ఆయనకే నమ్మకం కుదిరింది.

2025 ఫిబ్రవరిలో కొనేవాళ్ళు వచ్చారు. భర్త మదీనా దగ్గర బట్టల దుకాణంలో పని. ఆమె ఇంటిముందే ఇడ్లీలు వేసి అమ్ముతుంది. వెంట ఆమె అన్న. అతను మేస్త్రి.

"పై రూము కిరాయికి ఇయ్యొచ్చు బిడ్డా. నెలనెలా పైసలొస్తయి" అన్నాడు మనవడు. ఇప్పుడతనే పెద్దాయన.

"పర్మిషన్ ఉన్నదా కాకా?"

పెద్దాయన గూట్లోంచి రసీదు తీశాడు. "గవర్నమెంటు రసీదు. టాక్స్ కడుతున్నం, మీటరు సపరేటు. ఇరవై ఏడేండ్ల సంది ఒక్కడన్నా వచ్చిండా?"

ఆమె దాన్ని వెలుగుకు పట్టి చూసింది. లామినేషన్ లోపల అక్షరాలు సగం వెలిసిపోయాయి. "ఇది అర్జీ పెట్టినట్టు. ఇచ్చినట్టు ఏడున్నది?"

ఇడ్లీ పిండి తూకంలో చెంచాడు తేడా వచ్చినా పట్టే మనిషి. ఆమె అంటే నాకు ఆ పూటే గౌరవం కలిగింది.

అన్న అప్పటికే తలెత్తాడు. స్టూలు వేసుకొని ఎక్కి, నా రెండు చివరల మధ్య దారం బిగించి పట్టాడు. దారం తిన్నగా ఉంది. నేను లేను. నడుం దగ్గర దారానికీ నాకూ తేడా అంగుళం పావు. తర్వాత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి నా కుడిచివర గుచ్చాడు. బొటనవేలు మందం దిగింది. వెనక్కి లాగి వాసన చూశాడు. ఇన్నేళ్ళలో నా వాసన చూసిన మొదటి మనిషి.

"పుచ్చింది బావా" అన్నాడు చెల్లెలి భర్తతో.

"ఏంగాదు" అన్నాడు పెద్దాయన. "కూలగొట్టాలంటే పదిహేను రోజుల ముందు నోటీసియ్యాలని మొన్న నవంబర్ల సుప్రీంకోర్టే చెప్పె."

"కూలగొట్టేటోళ్ళకు కాకా నోటీసు. దానంతటదే కూలితే ఎవలిస్తరు?"

వకీలు దగ్గరికి వెళ్ళొచ్చి మళ్ళీ నా కిందే కూర్చొని మాట్లాడుకున్నారు. ఈసీ తీస్తే ఇల్లు చేతులు మారిన సంగతి కనిపిస్తుంది గాని, మిద్దెమీద ఏం లేచిందో కనిపించదు. అక్రమ కట్టడానికిచ్చే 452 సెక్షను నోటీసు వచ్చిందేమో విడిగా అడగాలి. బ్యాంకు అప్పు ఆశ వదులుకోవాలి. పూర్తయినట్టో, నివాసానికి పనికొస్తుందనో ధ్రువపత్రం చూశాకే అప్పివ్వాలని 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు బ్యాంకులకు చెప్పింది. ఇంకో మాట కూడా వకీలు అన్నాడట. 75 గజాల లోపు స్థలంలో, ఏడు మీటర్ల ఎత్తు దాకా కొత్తగా కట్టుకుంటే 2020 చట్టం ప్రకారం అనుమతే అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు.

"ఒక్క రూపాయా?" అన్నాడు భర్త. "మొత్తం పడగొట్టి కట్టుకుంటే?"

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నేరం గదిది, శిక్ష నాకు. పైగా చట్టబద్ధమైన శిక్ష.

పడగొట్టి కట్టేంత డబ్బు వాళ్ళ దగ్గర లేకపోవడం నన్ను కాపాడింది. పై గదికి ఒక్క పైసా ఇవ్వనని ఆమె పట్టుబట్టింది. పెద్దాయన నాలుగు రోజులు అలిగి, అయిదో రోజు ఒప్పుకున్నాడు. చీటీ పాట డబ్బు, పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం కలిసి మార్చిలో రిజిస్ట్రేషన్ అయింది. అన్న వద్దన్నా వినకుండా, ఒక్క ఏడాదే అంటూ భర్త పై గదిని కిరాయికిచ్చాడు. ముగ్గురు పిల్లల కుటుంబం. నా నడుం మీద ఆ పిల్లలు దూకుతూ ఆడుకునేవాళ్ళు. వాళ్ళంటే నాకు కోపం లేదు.

మే 18 ఆదివారం పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనం అంటుకుంది. కింద దుకాణాలు, పైన ఇల్లు, సొరంగంలాంటి ఒకటే దారి, మీటరు వెడల్పు మెట్లు. 17 మంది పోయారు. అందులో 8 మంది పిల్లలు. మధ్యాహ్నం దాకా టీవీ ముందు కూర్చున్న ఆమె లేచి బయటికి వెళ్ళి, గోడకు వేలాడుతున్న ఇనుప మెట్లు ఎక్కింది. దిగింది. మళ్ళీ ఎక్కింది. రెండోసారి దిగేటప్పుడు చేతిలో పై ఇంటి చిన్నపిల్ల ఉంది. ఎత్తుకొని దిగితే ఎట్లా ఉంటుందో చూసినట్టుంది. పైట చెంగు రెయిలింగ్‌కు చిక్కుకుంటే ఆగి విడిపించుకుంది.

సాయంత్రం అన్నకు ఫోన్ చేసింది. "ఎప్పుడొస్తవే అన్నా?"

పిల్లల కుటుంబానికి ఛత్రినాకలో గది చూసి, అడ్వాన్సు తానే కట్టింది. జూన్‌లో నా కింద రెండు జాకీలు నిలబెట్టారు. ముందు ట్యాంకు ఖాళీ చేశారు. నీళ్ళు పోతున్నకొద్దీ నాలో ఏదో కిరకిరలాడింది. తర్వాత రేకులు, తర్వాత ఇటుకలు. ఒక్కొక్కటీ తీసి, సున్నం గీకి, గల్లీలో పేర్చారు. నా పుచ్చిన చివరను కోసేసి, రెండు పక్కలా ఇనుప చానెళ్ళు పెట్టి బోల్టులు బిగించారు. చలికాలంలో ఆ ఇనుము చల్లగా తగులుతుంది. అలవాటు పడ్డాను. కిరాయి పోయింది. దాని గురించి మొగుడూ పెళ్ళాల మధ్య మాట ఇప్పటికీ వస్తుంది.

జూలై 20న లాల్‌దర్వాజా బోనాలు. మిద్దెమీద మళ్ళీ మనుషులు నిలబడ్డారు, ఊరేగింపు చప్పుడు వినడానికి. రాత్రికి అందరూ దిగారు. మర్నాడు అన్న స్టూలు వేసుకొని ఎక్కి, మళ్ళీ దారం పట్టాడు.

"ఎంతున్నదే?" అంది ఆమె కింది నుంచి, చేతికి పిండితోనే.

"ముప్పావు అంగుళం."

"మొత్తం పోదా?"

"పోదు. ఇరవై ఏడేండ్లు మోసింది గదా."

చెవిమీది పెన్సిల్ తీసి, నా పక్కన చిన్న గీత గీసి, తేదీ రాసి దిగాడు.